తూర్పు చుక్క పంచాయితీ

నక్షత్రశాలలో రోజుకు మూడు ఆటలు నడిపే ఆమెను చుట్టాలంతా చుక్కల టీచరు అంటారు. ఆమెకు భక్తి లేదని మేనత్తకు ఎప్పటినుంచో దిగులు. అయినా ఆ ఏడు చర్చి క్రిస్మస్ నాటకంలో చుక్క పనిని పట్టుబట్టి ఆమెకే అంటగట్టింది.

"పోయినేడు వెండి కాగితం చుక్క కడితే మిఠాయి పొట్లంలా ఉందన్నారే. బాలయేసును వెతుక్కుంటూ వచ్చిన జ్ఞానులు చూసింది అసలు ఏ చుక్కో తేల్చి చెప్పు, అదే కడదాం."

చర్చి హాల్లో రిహార్సలు. మంగలి, దర్జీ, కుళాయిలు బాగుచేసే ఆయన, ఈ ముగ్గురూ జ్ఞానులు. చుక్కల టీచరు వాళ్ళ ముందు నిలబడింది.

"తోకచుక్క అంటారు కొందరు. కానీ అప్పట్లో తోకచుక్క కనిపిస్తే రాజు చస్తాడని హడలిపోయేవాళ్ళు. బిడ్డను చూడ్డానికి దాని వెంట ఎవరు బయల్దేరతారు? నక్షత్రం పేలి వెలిగిందనీ అంటారు. అంత వెలుగైతే అక్కడి రాజుక్కూడా కనబడాలిగా, చుక్క ఎప్పుడు కనబడిందని జ్ఞానుల్ని పిలిచి అడగడమెందుకు? ఆ రోజుల్లోనే గురుడూ శనీ ఒకే ఏడాదిలో మూడుసార్లు దగ్గరకొచ్చారు. నాకు కాస్త నచ్చింది అదే."

"శని పట్టిందన్నమాట," అన్నాడు మంగలి.

"బాలయేసు దరిదాపులకి శనిని రానివ్వను," అంది అత్త.

"అసలు చిక్కు వేరే ఉందత్తా. ఫలానా ఇంటి మీద ఆగే చుక్క ఏదీ లేదు. గురుడు కొన్నాళ్ళు ఆగినట్టు కనిపిస్తాడు. మన పెరట్లోంచి చూస్తే మన చూరు మీద, పక్కింట్లోంచి చూస్తే వాళ్ళ చూరు మీద."

"దేవుడు ఆపాడు. నువ్వు తాడుతో ఆపు."

ఆదివారం మధ్యాహ్నం హాలు కిక్కిరిసింది. చుక్కల టీచరు హాల్లోని మేడ మీద నిలబడి తాడు లాగుతుంటే తీగ మీద చుక్కగా కట్టిన బల్బు కదిలింది. జ్ఞానులు దాని వెనకే బయల్దేరారు. సగం దారిలో కప్పీ బిగుసుకుపోయింది. ఎంత గుంజినా బల్బు కదల్లేదు. సరిగ్గా దాని కింద, మొదటి వరసలో, సంఘపెద్ద గుర్రు పెట్టి నిద్రపోతున్నాడు. ఈ నాటకమే దండగని నెలరోజులుగా సణిగినవాడు.

చుక్క ఆగినచోట సాగిలపడమని జ్ఞానులకు అత్త ఆజ్ఞ. ముగ్గురూ తెచ్చిన కానుకలతో ఆయన కాళ్ళ మీద పడ్డారు. దర్జీ సాంబ్రాణి డబ్బా ఒళ్ళో పెట్టేసరికి పెద్దమనిషి ఉలిక్కిపడి లేచాడు.

"నేనేం చేశాన్రా?"

హాలు గొల్లుమంది. పాస్టరుగారు కోపంగా తలెత్తి అడిగారు. "ఏమ్మా, ఇదేం చుక్క?"

"ఆగమన్నారు, ఆగిందండీ. ఎవరి మీద ఆగాలో చెప్పే శాస్త్రం నేను చదవలేదు."

అత్త పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు మాత్రం ఎగిరెగిరి పడుతున్నాయి. సంఘపెద్ద మూడు కానుకలూ చంకలో పెట్టుకుని, అడిగినా ఇవ్వకుండా ఇంటికి పోయాడు.

మర్నాడు పొద్దున అత్త మొట్టమొదటిసారి నక్షత్రశాలకు వచ్చింది. "ఆ మూడుసార్లు కలిసినవాళ్ళని చూపించు."

మేనకోడలు దీపాలార్పి, ఆకాశాన్ని రెండువేల ఏళ్ళు వెనక్కి తిప్పింది. గుమ్మటం మీద రెండు చిన్న చుక్కలు దగ్గరయ్యాయి.

"ఇంతేనా? దీన్ని చూసి అంత దూరం నడిచారా వాళ్ళు?"

"ఇదో కాదో తెలీదత్తా. ఇదే అయితే, నడిచారు."

అత్త తలెత్తి ఆ రెండు చుక్కల్నే చూసింది. తర్వాత మెడ నొప్పెడుతోందని కుర్చీ వెనక్కి వాల్చుకుంది.

"మళ్ళీ వెయ్యవే. ఈసారి మెల్లగా."