కొండయ్య హవల్దారు స్కూటర్ని

నేను ఒక గేర్ల స్కూటర్ని. ప్రస్తుతం ఒంగోలు శివారులో ఓ పాత ఇనుము కొట్టులో, రెండు ఆటోల మధ్య ఇరుక్కుని ఉన్నాను. ఇంజను ఎప్పుడో ఊడదీశారు. అయినా జాలిపడకండి, అది నాకు గిట్టదు. ఈ కొట్టులో ఉన్నవాటిల్లో చెప్పుకోదగ్గ రోజు ఒకటి చూసింది నేనొక్కదాన్నే. ఆ రోజు గుర్తొస్తే లేని ఇంజను కూడా దడదడలాడుతుంది!

పుట్టింది ఏదో పెద్ద ఫ్యాక్టరీలో. కానీ నాకు పరువు దక్కింది మిలిటరీ క్యాంటీన్లో. హవల్దారు గాలి కొండయ్య సెలవు మీద వచ్చినప్పుడు నన్ను కొనుక్కున్నాడు. బయటికన్నా చవగ్గా క్యాంటీన్ ధరకి దొరికానని ఊళ్ళో సగంమంది కుళ్ళుకున్నారు. మిగతా సగంమంది ఒక్కసారి నడిపిస్తావా అని బతిమాలారు. ఆయన ఎవరికీ ఇవ్వలేదు, ఒక్క కూతురికి తప్ప. మంచుకొండల్లో కాపలా కాస్తున్నప్పుడు పుట్టిందని ఆ పిల్లకి హిమబిందు అని పేరు పెట్టుకున్నాడు. రిటైరై వచ్చాక తనే దగ్గరుండి నన్ను నడపడం నేర్పాడు. మొండికేస్తే నన్ను ఒక పక్కకి బాగా వంచి, కాసేపాగి నిలబెట్టి, అప్పుడు కిక్కు కొట్టాలి. ఆ మర్యాద చేయనిదే నేను కదలను.

ఆ తర్వాత కొండయ్య కామెర్లతో పోయాడు. ఇంట్లోనే, మంచం మీద. మనుషుల సంగతి నాకు అప్పుడే బాగా అర్థమైంది. "యుద్ధంలో పోయుంటే సెంటర్లో బొమ్మ పెట్టేవాళ్ళం" అని పరామర్శకి వచ్చినవాళ్ళు కాఫీ తాగుతూ అన్నారు. అన్నేళ్ళు సరిహద్దులో ఉండి ప్రాణాలతో తిరిగి రావడం ఆయన చేసిన తప్పన్నమాట! ఆయన భార్య తిరపతమ్మ ఆ రోజు నుంచి నలుగురిలో భర్త పేరెత్తడం మానేసింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

హిమబిందుకి ఒంగోలులో ఇంజినీరింగు సీటొచ్చింది. వచ్చే పెన్షను ఇంటి ఖర్చుకే బొటాబొటీ. ఫీజు కట్టే దారి లేక తల్లి "ఈ ఏటికి ఆగవే" అంది. పిల్ల సరేనని తలూపి, వసారాలోకి వచ్చి నా సీటు మీద కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది.

సరిగ్గా అప్పుడే మస్తాన్‌వలి దిగాడు. కొండయ్యతో ఒకే యూనిట్లో పనిచేసినవాడు. నెలనెలా క్యాంటీన్ సరుకులు తీసుకుని, తిరపతమ్మ వాటా ఇచ్చిపోతుంటాడు. ఏడుస్తున్న పిల్లని చూసి సంగతి కనుక్కున్నాడు.

"చదువుకి సాయం ఉంది గదా వదినా! దరఖాస్తు పెట్టలా?"

"అది యుద్ధంలో పోయినోళ్ళ పిల్లలకి గదన్నా. మాకెవురిస్తారు?"

మస్తాన్‌వలి నెత్తి బాదుకున్నాడు. "ఎవురు చెప్పారు వదినా నీకు? మాజీ సైనికుడు ఎట్టా పోయినా బిడ్డకి సాయం ఉంది! అయ్యో, ఇయ్యాలే ఆఖరి రోజు. ఐదింటికి ఆఫీసు మూసేస్తారు!"

తిరపతమ్మ ఒంగోలులోని ఆ సైనిక సంక్షేమం ఆఫీసు వైపు ఇన్నాళ్ళూ ఎందుకు వెళ్ళలేదో నాకు తెలుసు. ఎట్టా పోయాడని అడుగుతారని ఆమె భయం. కూతురి ముఖం చూసింది. లోపలికి వెళ్ళి కాగితాల సంచి పట్టుకొచ్చింది.

బస్సు కోసం ఆగితే అంతే సంగతులు. మస్తాన్‌వలి పక్కింట్లో పెట్రోలు అడుక్కొచ్చి నాకు తాగించాడు. ఎన్నాళ్ళ దాహమో! హిమబిందు గేరు మార్చింది, నేను ఎగిరాను. చూడాల్సింది మీరు! ధాన్యం లారీల్ని దాటాను, గేదెల మందని తప్పించాను, హైవే మీద నాకు నేనే కొత్త బండిలా అనిపించాను. వెనక తిరపతమ్మ సంచిని గుండెకి అదుముకుని "నిదానమే, నిదానమే" అంటూనే "ఇంకా ఎంత దూరమే?" అని తొందరపెడుతోంది.

అంత జోరు మీదా రైలు గేటు దగ్గర నా పరువు పోయింది. గేటు తీశారు, నేను మాత్రం కదలను. హిమబిందు కిక్కు మీద కిక్కు కొడుతోంది. వెనక లారీవాళ్ళు తిడుతున్నారు. నన్ను వంచుదామంటే పిల్ల చేతుల్లో బలం అయిపోయింది. అప్పుడు తిరపతమ్మ దిగింది. "జరగవే" అని కొంగు బిగించి, జన్మలో మొదటిసారి రెండు చేతులా నన్ను పట్టుకుని, ఆయన వంచినట్టే వంచింది. పిల్ల కొట్టిన కిక్కుకి నేను భగ్గుమన్నాను!

ఐదింటికి కాస్త ముందే చేరాం. నన్ను ఆఫీసు కిటికీ కింద పడేసి ఇద్దరూ లోపలికి పరిగెత్తారు. అక్కడ బల్ల వెనక ఉన్న తెల్ల మీసాల అధికారి కూడా మాజీ సైనికుడే. కాగితాలు తిరగేస్తూ, తిరపతమ్మ ఇన్నాళ్ళూ భయపడ్డ ప్రశ్న వేశాడు.

"మీవారు ఎలా పోయారమ్మా?"

నా ఇంజను ఆగిపోయినంత పనైంది.

"కామెర్లొచ్చి పోయాడయ్యా. ఇంట్లోనే, మంచం మీద. యుద్ధంలో కాదు."

అధికారి కళ్ళజోడు తీశాడు. "ఇంటికెళ్ళి సొంత మంచం మీద పోవాలనేనమ్మా, సరిహద్దులో ప్రతి సిపాయీ రోజూ మొక్కుకునేది. నేనూ మొక్కుకున్నాను. మీవారు పని పూర్తి చేసుకుని ఇంటికొచ్చాడు. ఇందులో తల దించుకోవడానికేముంది?" దరఖాస్తు మీద ముద్ర గట్టిగా గుద్దాడు. "అమ్మాయికి అన్ని అర్హతలూ ఉన్నాయి. సాయం అందేదాకా ఫీజు కోసం ఆగమని కాలేజీకి నేను చెబుతాను. రేపే వెళ్ళి చేర్పించండి."

తిరుగు దారి పొడుగునా తిరపతమ్మ ఏడుస్తూనే ఉంది. హిమబిందు మాత్రం గాల్లో తేలిపోతూ నన్ను తోలింది. ఊరి సెంటర్లోకి రాగానే తల్లి కళ్ళు తుడుచుకుంది.

"ఆపవే. హారను కొట్టు."

"హారను పాడైపోయిందమ్మా."

టీ కొట్టు దగ్గర ఎప్పటి జనమే ఉన్నారు, ఆనాడు బొమ్మ మాట అన్నవాళ్ళతో సహా. తిరపతమ్మ నా మీద నుంచి దిగి, వాళ్ళందరి ఎదురుగా నిలబడింది.

"మా ఆయన గాలి కొండయ్య, హవల్దారు!" అని కేక పెట్టింది. "మంచం మీదే పోయాడు! ఆయన చేసిన సర్వీసుతోనే రేపు నా కూతురు ఇంజినీరింగులో చేరతంది!"

గ్లాసులు పట్టుకున్న చేతులు పట్టుకున్నట్టే ఉండిపోయాయి. ఆమె దర్జాగా నా మీదెక్కి కూర్చుంది.

"ఇంకేం చూస్తన్నావే, పోనీ!"