గొట్టం మీద చెయ్యి

వేడిగానే ఉంది, పారుతోంది, ఇంకేం భయం లేదు అనుకుంటూ గొట్టం మీంచి చెయ్యి తీశాడు, ఈ చలిగాలికి లోపల చమురు ఆగిందంటే మైనం పేరుకుని గొట్టమంతా కొవ్వొత్తిలా బిగుసుకుపోతుంది, అందుకే బావికీ ట్యాంకుకీ మధ్యలో ఆ పొయ్యి పెట్టారు, గాలికి అది ఆరినప్పుడల్లా వెలిగించడానికి తనను పెట్టారు, పంపు తిప్పే జనరేటర్‌కి బావమరిదిని పెట్టారు, చుట్టూ కనుచూపు మేర రాళ్ళు, ఎవర్ని చూసి నవ్వాలిక్కడ, అయినా వాడు నవ్వుతూనే ఉంటాడు, ఏం బావా, మా అక్క చెయ్యి ఎప్పుడైనా ఇంత ప్రేమగా పట్టుకున్నావా అంటాడు, పని చూసుకోరా అంటే పని నన్ను చూసుకుంటోంది బావా అంటాడు, వాడి నోటికి తాళం వెయ్యాలనుకునేవాడు, నిన్నట్నుంచి దానంతటదే పడింది, మొన్న ఇనప రేకు గీసుకున్న కాలికి గుడ్డ చుట్టుకుని కుంటుతుంటే ఏమైందిరా అనడిగాడు, దోమ కుట్టింది బావా అన్నాడు, ఈ రాళ్ళలో దోమ బతికితే దానిక్కూడా జీతమివ్వాలి, ఇవాళ మంచమే దిగలేదు, ఇందాక వెళ్ళి నుదుటి మీద చెయ్యి వేస్తే వేడిగా తగిలింది, హమ్మయ్య అనుకుని తలుపు దగ్గరికి వేసి వచ్చేశాడు, ఇక పొయ్యి సంగతి చూడాలి, గాలి అటు తిరిగింది, జనరేటర్ దగ్గుతోంది, డీజిల్‌లో నీళ్ళు దిగాయో ఏమో, ట్యాంకు మెడదాకా నిండింది, ట్యాంకర్ ఎక్కడ కూరుకుపోయిందో, హమ్మయ్య అని ఎందుకనుకున్నాడు తను.

నడుస్తున్నవాడల్లా ఆగిపోయాడు, వేడిగా ఉంటే హమ్మయ్య అనుకోవాల్సింది గొట్టం దగ్గర, మనిషి దగ్గరా, ఇన్నేళ్ళూ ఈ చేతికి ఒక్కటే పాఠం, వేడైతే మంచిది, చల్లనైతే కొంప మునిగింది, అది నేర్చుకున్నదే అది చెప్పింది, కుర్రాడి ఒళ్ళు కాలిపోతుంటే బాగా పారుతోంది పొమ్మంది, తనూ తల ఊపుకుంటూ వచ్చేశాడు, ఇంత మొద్దయిపోయాడా, ఒంట్లో ఉన్న సత్తువంతా కాళ్ళలోకి తెచ్చుకుని గదికి పరిగెత్తాడు, గుడ్డ విప్పాడు, పిక్క నీలంగా ఉబ్బి ఉంది, మోకాలి దాకా ఎర్రటి చార, వాసన, వాడు కళ్ళు సగం తెరిచి బావా పొయ్యి ఆరిందా అన్నాడు, నోర్ముయ్యరా అన్నాడు, అక్కకి చెప్పకు బావా అన్నాడు వాడు, చెప్పక ఆవిడ ముందు ఏ మొహం పెట్టుకు నిలబడాలి, తమ్ముణ్ణి నీ చేతుల్లో పెడుతున్నానని ఆవిడ అన్నది ఈ చేతుల గురించే.

వైర్‌లెస్‌లో సారు దొరికాడు, సారంటే గొంతే, మొహం ఎలా ఉంటుందో ఇప్పటికీ తెలియదు, సాయంత్రం లోపు ట్యాంకర్ వస్తుందయ్యా, అందులో ఎక్కించు అంది ఆ గొంతు, కాలు కుళ్ళుతోంది సార్, జీపులో ఆస్పత్రికి తీసుకుపోతాను అంటే, నువ్వు పోతే పొయ్యి ఎవరు చూస్తారు, లైన్ గడ్డకడుతుంది, పోయినసారి ఎంత గోలైందో గుర్తు లేదా అంది, గుర్తుంది సార్ అన్నాడు, కదలకు, అర్థమైందా అంది, అర్థమైంది సార్ అన్నాడు, అంటూనే రెండో చేత్తో జేబులో జీపు తాళం తడుముతున్నాడు, పంపు ఆపాడు, బావి మూత బిగించాడు, పొయ్యి తనే ఆర్పాడు, ఎప్పుడూ వెలిగించడమే గాని ఆర్పింది లేదు, జనరేటర్ కూడా ఆగాక ఆ చోటు ఎవరిదో అయినట్టుంది, గొట్టం ఈపాటికి చల్లబడ్డం మొదలై ఉంటుంది, పోయి ముట్టుకోబుద్ధైంది, పోలేదు, కుర్రాణ్ణి వీపున వేసుకుని తెచ్చి జీపులో పడుకోబెట్టాడు, వాడు ఆ జ్వరంలోనే బావా, సారు నీ తోలు తీస్తాడు అన్నాడు, నీ జోకులు ఆస్పత్రిలో చెప్పుకుందువుగాని అన్నాడు.

రాళ్ళ దారిలో జీపు ఎగిరెగిరి పడుతోంది, వెనక మూలుగు వినపడుతోంది, మూలుగు ఉన్నంతసేపూ పరవాలేదు, ఒరేయ్ అంటే ఊఁ అంటున్నాడు, పోయినసారి లైన్ గడ్డకట్టినప్పుడు ఏం జరిగింది అసలు, ఆవిరి బండి వచ్చింది, గొట్టం పొడుగునా కాచుకుంటూ పోయారు, మైనం కరిగింది, మళ్ళీ పారింది, సారు తిట్టాడు, ఇంకేం జరిగింది, ఎంత గుర్తు చేసుకున్నా ఇంకేం జరగలేదు, ఏళ్ళ తరబడి పొద్దున్న లేస్తే గుండెల మీద కూర్చునే భయం విప్పి చూస్తే ఇంతేనా, ఒరేయ్, ఊఁ, సారు తిడతాడు, మహా అయితే పనిలోంచి పొమ్మంటాడు, పొమ్మంటే పోతాను.