బహుళార్థసాధక స్వామి

నేను ఒక సినిమా ప్రొజెక్టరును. బొంబాయిలో పుట్టాను. పుట్టీ పుట్టగానే మన దేశం గొప్పతనాన్ని పరాయి దేశాలకు చాటి రమ్మని ఓడెక్కించారు. మలయాలో, రబ్బరు తోటల నడుమ ఉన్న మన సర్కారు సమాచార కార్యాలయంలో దిగాను.

అక్కడి అధికారి కామేశంగారు. మంచివారే, కాకపోతే ఢిల్లీ నుంచి కాగితం రానిదే నోరు విప్పేవారు కారు. నెలకోసారి నన్ను తోటకు మోయించుకెళ్లి, ఆనకట్ట సినిమా వేసి, "ఇది బహుళార్థసాధక ప్రణాళిక" అని చదివేవారు. తోట కూలీలంతా ఎప్పుడో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్లు. తెలుగువాళ్లే గానీ ఆ తెలుగు వాళ్లది కాదు. ఆవలించి, సగంలో లేచిపోయేవారు. జనం రాకపోతే ఆఫీసు మూసేస్తామని ఢిల్లీ కబురు పెట్టింది.

తనిఖీకి పైఅధికారి రంగనాయకులుగారు దిగిన సాయంత్రం మాత్రం తోటకు తోట కదిలి వచ్చింది! చేతుల్లో కొబ్బరికాయలు, అరటిపళ్లు, హారతి పళ్లేలు. నా బల్బుతో పని లేనంతగా కామేశంగారి ముఖం వెలిగిపోయింది.

ఆయన భార్య సుభద్రమ్మ జనంలోకి వెళ్లి, నవ్వు బిగబట్టుకుని వచ్చింది.

"ఏమండీ, వీళ్లొచ్చింది సినిమాకి కాదు. బహుళార్థసాధక స్వామివారి దర్శనానికట. అడిగినవన్నీ ఇస్తాడట."

"మెల్లిగా! ఆయన వింటారు. ఈ ఒక్కపూటకీ స్వామినే ఉండనీ."

"ఉండనిస్తాను. మరి హారతి ఎవరికివ్వమంటారు, మీకా?"

కామేశంగారు ఢిల్లీ కాగితం మడిచి జేబులో పెట్టి, నా ముందుకొచ్చి నిలబడ్డారు.

"అమ్మలారా, అయ్యలారా, స్వామి ఎవరూ లేరు. నాకు చెప్పడం చేతకాక వాడిన మాట అది. నది మీద ఆనకట్ట కట్టాం. పొలాలకు నీళ్లు, ఇళ్లకు కరెంటు. అంతే."

గుసగుసలు. కొందరు లేచారు. రంగనాయకులుగారు కళ్లజోడు సవరించుకున్నారు. అప్పుడు ముందువరసలోంచి ముసలి సన్నాసమ్మ అడిగింది.

"సామి నేకపోతే పోనీ బాబూ. ఆ నీల్లు మా నరసన్నపేటకొస్తాయేటి?"

"రావమ్మా."

"ఏటి, ఎందుకు రావు?"

లేచినవాళ్లు కూర్చున్నారు. ఎవరి భూములు మునిగాయి, కూలి ఎంతిచ్చారు, కరెంటు పేదోడి ఇంటికిస్తారా అని ఒకటే అడగడం. కామేశంగారు తెలిసింది చెప్పారు, తెలియనిది తెలియదన్నారు. ఢిల్లీ కాగితాల్లో ఎన్నడూ చూడని మాట అది.

రంగనాయకులుగారు కొబ్బరిచెక్క కొరుకుతూ అన్నారు: "ఇప్పుడు ఈ ఆఫీసు మూస్తే వీళ్లు నన్ను ఓడెక్కనిస్తారటయ్యా?"

ఇప్పుడు నేను ఆ ఆఫీసులోనే సామాన్ల గదిలో ఉన్నాను. బొమ్మలు చూపడానికి కొత్త యంత్రం వచ్చింది. పాపం, అదీ ఖాళీగానే కూర్చుంటోంది. పక్కగదిలో జనం నెలనెలా వచ్చి, "అయితే మా ఊరికెప్పుడు?" అని దబాయిస్తుంటే, సినిమా మొదలెట్టే తీరిక ఎవరికి దొరుకుతుంది?