తుమ్ములేని పెళ్ళిచూపులు

మిరపకాయల టిక్కీ మూతి అంచులు రెండూ దగ్గరికి లాగి, వీరాంజనేయులు దబ్బనం గుచ్చాడు. మోకాలితో బస్తాను నొక్కిపట్టి, పురికొస లాగి, మళ్ళీ గుచ్చి, చివర ముడి బిగించి, మిగిలిన కొసను పంటితో కొరికి ఉమ్మేశాడు. కొత్తవాడైతే ఆ పెదవుల మంటకి గంతులేసేవాడే. గుంటూరు మిర్చియార్డులో బస్తాలు కుట్టడం మొదలుపెట్టాక ఆ ఘాటు అతని ముక్కుకి ఎప్పుడో అలవాటైపోయింది. కొనడానికొచ్చిన వ్యాపారులు ముక్కులకి రుమాళ్ళు కట్టుకుని తుమ్ముతూ తిరుగుతుంటే, అతను ఆ మిరపకాయల గుట్టల మధ్యే కూర్చుని క్యారేజీ విప్పుకుని తినేవాడు.

నలభైకి దగ్గరపడ్డ మనిషి. సన్నగా, పొడుగ్గా, నడుం దగ్గర కాస్త వంగి ఉంటాడు. చూపుడువేలు మీద దబ్బనం ఒరుసుకుని కాయ కాచింది. గోళ్ళ అంచుల్లోని ఎరుపు ఏ సబ్బుకీ లొంగదు.

"ఇవ్వాళ ఒంటిపూటేనంటగా. చూపులా?" అన్నాడు పక్క బస్తా కుడుతున్న బుల్లయ్య.

"ఆ."

"పేరు పెట్టేటప్పుడే ఆలోచించుకోవాల్సింది మీ అమ్మ. ఆ ఆంజనేయస్వామికే కాలేదు, నీకెట్టా అవుద్దిరా?"

వీరాంజనేయులు నవ్వాడు. నవ్వకపోతే ఇంకో నాలుగు అంటాడని తెలుసు.

అసలు తంటా పేరుతో కాదు, ఘాటుతో వచ్చింది. తెనాలి వైపు చూసిన మొదటి సంబంధంలో తాంబూలాల మాట ఎత్తబోతుండగా పిల్ల నాయనమ్మ గట్టిగా తుమ్మింది. శుభమా అని మాట్లాడుకుంటుంటే తుమ్మేమిటని పెద్దలు లేచిపోయారు. ఆ తర్వాతది చదువుకున్నవాళ్ళ ఇల్లు. పిల్ల అన్న తుమ్మి, ముక్కు తుడుచుకుని, "మాకిలాంటి పట్టింపులేం లేవండి" అని నవ్వాడు. మర్నాడు మాత్రం అమ్మమ్మకి పట్టింపుందని కబురు పెట్టాడు. శకునాలు నమ్మనివాళ్ళకి కూడా వద్దనడానికి తుమ్ము భలే అక్కరకొస్తుంది. తుమ్మని చోట ఏం చదివాడు, హైదరాబాదులో ఉద్యోగమా అని అడిగేవారు. ఫోన్లో ఫొటో చూసి బొటనవేలితో పక్కకి నెట్టేసినవాళ్ళకైతే ఆ అడగడం కూడా దండగే. వాళ్ళని అని ఏం లాభం? తెలిసి తెలిసి పిల్లని ఆ మంటలోకి ఎవరు పంపుతారు?

సత్తెనపల్లి హారిక సంగతి వేరు. బట్టల షాపులో బిల్లులు కొట్టే పని. పెళ్ళయిన ఏడాదికే విడాకులయ్యాయి. "మనిషి మంచోడైతే చాలు" అందని మధ్యవర్తి నాగభూషణం చెప్పిన దగ్గర్నుంచి వీరాంజనేయులుకి కుదురు లేదు. అమ్మ తర్వాత తనని తిన్నావా అని అడిగే మనిషే ఉండదేమోనన్న భయం అతనిది. ఇది తప్పితే ఇంకో సంబంధం లేదని నాగభూషణం ముందే తేల్చేశాడు.

ఇంటికొచ్చేసరికి తల్లి సుబ్బరావమ్మ వేణ్ణీళ్ళు కాచి ఉంచింది. ఆవిడ యార్డు నుంచి తెచ్చుకున్న మిరపకాయలకి తొడిమలు తీసి కూలి తెచ్చుకుంటుంది. ఆవిడ కూర్చునే చెక్కపీట కూడా ఎర్రగా రంగేసినట్టే ఉంటుంది. ఇంట్లో ఉంటే ఘాటు పడుతుందని, కొడుకు కొత్త చొక్కాని పక్కవీధి టైలరు కరీమున్ దగ్గర దాచి, అప్పుడే తెచ్చిపెట్టింది.

"నువ్వింకా చీర మార్చుకోలేదేంటమ్మా?"

"నేను రాన్రా. పోయినసారి వాళ్ళు తుమ్మింది నా చీరకే, నీ చొక్కాకి కాదు. నా ఒళ్ళే మిరపకాయైపోయింది. చల్లగా నువ్వెళ్ళిరా."

ఎంత చెప్పినా కదల్లేదు. నాగభూషణాన్ని వెంటబెట్టుకుని అతనొక్కడే బస్సెక్కాడు.

హారిక వాళ్ళింట్లో కూర్చున్నంతసేపూ పిల్లని చూడాల్సినవాడు అందరి ముక్కులూ చూశాడు. వాళ్ళమ్మ ముక్కు, పెదనాన్న ముక్కు, మూల మంచం మీది ముసలాయన ముక్కు. ఎవ్వరూ తుమ్మలేదు. అప్పుడు తలెత్తి హారికని చూశాడు. చామనఛాయ, అలిసిన కళ్ళు. ఆమె లేచి, "ఎండన పడి వచ్చారు" అంటూ టేబుల్‌ఫ్యాను అతని వైపు తిప్పింది. ఆ గాలికి అతని కళ్ళు చెమర్చాయి.

"మీ అమ్మగారు రాలేదేమండీ?" అంది.

"ఒంట్లో బాలేదండి. జ్వరం."

వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు పెద్దలు. వీరాంజనేయులు ఆడింది ఆ ఒక్కటే. హారిక ఒక క్షణం అతని మొహంలోకి చూసి, తల వంచుకుని లోపలికి వెళ్ళిపోయింది.

వాళ్ళ మాట తీసుకుని వస్తానని నాగభూషణం అక్కడే ఆగాడు. బస్సులోంచి వీరాంజనేయులు తల్లికి ఫోను చేశాడు.

"ఎవరూ తుమ్మలేదమ్మా."

"పిల్ల బాగుందా అయ్యా?" అందావిడ.

"ఫ్యాను నావైపు తిప్పిందే."

గుంటూరులో బస్సు దిగి నాలుగడుగులు వేశాడో లేదో నాగభూషణం ఫోను వచ్చింది. "వద్దన్నారు వీరా. ఆ పిల్లకి మొదటి పెళ్ళిలోనూ అత్త చూపులకి రాలేదంట. ఒంట్లో బాలేదనే చెప్పారంట అప్పుడూ. ఇష్టంలేక రాలేదని కాపరానికెళ్ళాక తెలిసిందంట. మళ్ళీ ఆ గోతిలో పడలేనని ఏడ్చింది."

"నిజం చెప్పకపోయావా?"

"చెప్పా. ఘాటుకి జడిసి కన్నతల్లి రాకపోవడమేంటి, సాకైనా సరిగ్గా చెప్పమన్నాడు పెదనాన్న."

అమ్మకేం చెప్పాలో తెలియక నడిచి నడిచి ఇల్లు చేరితే తలుపుకి తాళం వేసి ఉంది. కరీమున్ తాళంచెవి తెచ్చిచ్చింది.

"అమ్మ చీమకుర్తి బస్సెక్కింది అన్నా, మీ పిన్ని ఇంటికి. పిల్ల తరఫువాళ్ళు ఇల్లు చూడ్డానికొస్తే ఘాటు ఉండకూడదని నువ్వెళ్ళిన దగ్గర్నుంచీ కడుగుతానే ఉంది. నీ ఫోను రాగానే సంచీ సర్దుకుంది."

లోపల ఫినాయిలు వాసన, అగరొత్తుల పొగ. మిరపకాయల గంప లేదు. దండెం మీద తల్లి చీర ఒక్కటీ లేదు. ఆ పొగ ముక్కుకెక్కి వీరాంజనేయులు తుమ్మాడు. ఎన్నేళ్ళయిందో తుమ్మి! చిన్నప్పుడు తుమ్మితే చాలు, "చిరంజీవ" అనేది అమ్మ. ఇప్పుడా మాట అనేవాళ్ళు లేక అతను చేతిలో తాళంచెవితో అలాగే నిలబడిపోయాడు.

ఫోను మోగింది. బస్సు రొదలో తల్లి గొంతు.

"ఇంటికి చేరావా? ఇల్లు చూశావా, ఘాటేమన్నా తెలుస్తోందా?"

"లేదమ్మా."

"నేను చీమకుర్తిలోనే ఉంటాలే. పిల్ల కాపరానికొచ్చాక కూడా అక్కడే ఉంటా. నా కోసం చూడబాక. వాళ్ళ కబురేమన్నా వచ్చిందా?"

వీరాంజనేయులు గోడకి ఆనుకున్నాడు. ఆవిడ గొంతులో అంత సంతోషం అతను ఎప్పుడూ వినలేదు.

"వస్తదిలే అమ్మా" అన్నాడు.

పెరట్లో గోడకి చేరేసిన పీట మీద, ఎరుపు పోయేదాకా పీచుతో రుద్దిన గీతలు కనిపిస్తున్నాయి; అది ఇంకా తడిగానే ఉంది.