విదిలించని మేక

తమిళనాడులో, ధర్మపురి జిల్లా పెరియంపట్టిలో ఏ పరీక్షకైనా ఫలితాలు రెండే. పాసు, లేదంటే ఫెయిలు. పాసైతే వీధంతా చాక్లెట్లు పంచుతారు. ఫెయిలైతే బెంగళూరు బస్సెక్కించి ఏదో ఒక కంపెనీ గేటు దగ్గర కాపలాకు నిలబెడతారు. మూడోది ఒకటుంటుందని ఆ ఊళ్ళో ఎవరూ వినలేదు. ఇంట్లో తెలుగు మాట్లాడే కృష్ణప్ప కొడుకు గోకుల్‌కు వచ్చిన చిక్కల్లా అక్కడే.

అది 2007 జనవరి మొదటి వారం. ధర్మపురి బస్టాండు పక్కనున్న బ్రౌజింగ్ సెంటర్‌లో కూర్చుని గోకుల్ క్యాట్ ఫలితం చూసుకున్నాడు. పెద్ద పెద్ద మేనేజ్‌మెంట్ కాలేజీల్లో చేరడానికి దేశమంతా రాసే పరీక్ష అది. ఇంజనీరింగ్ అయ్యాక ఏడాదిపాటు ప్రతి ఆదివారం తొప్పూరు కనుమ దిగి సేలం పోయి కోచింగ్ తీసుకున్నాడు. తెర మీద అరవైమూడు అని వచ్చింది. అవి మార్కులు కావు. నూరు మంది రాస్తే అరవైమూడు మంది ఇతని వెనక ఉన్నారు, మిగతావాళ్ళు ముందున్నారు. కాలేజీలు పిలిచేది అందరికన్నా ముందున్న ఇద్దరినో ముగ్గురినో. ఆ వరసలో గోకుల్ వంతు ఎప్పటికీ రాదు. అతను ఆ అంకెను రెండుసార్లు చూసి, కంప్యూటర్ ఆపేసి, ఊరికి దగ్గరి కారిమంగలం బస్సెక్కాడు.

ఇంటికొచ్చేసరికి అవ్వ కెంపమ్మ వాకిట్లో కాళ్ళు చాపుకుని చింతపండు గింజ తీస్తోంది. కృష్ణప్పకు తల్లి. ఆ ఇంట్లో పొలం కృష్ణప్ప పేర ఉంది గాని, పెత్తనం ఆమెదే.

"ఏమయిందిరా? పాసా, ఫెయిలా?"

"దాంట్లో పాసూ ఫెయిలూ ఉండదవ్వా."

"ఉండకుంటే ఎట్లరా? పరిచ్చ అన్నాక ఏదో ఒకటి ఉండల్ల కదా! ఎంత వచ్చె?"

"అరవైమూడు."

"ముప్పైఅయిదుకే పాసంటారే! అరవైమూడంటే ఫస్టు క్లాసు గదరా!"

అప్పుడు ఒక్కసారి "కాదవ్వా" అని ఉంటే ఈ కథే లేదు. పొద్దున్నుంచీ తిండి లేదు, నిలబడి వివరించే ఓపిక లేదు. "సరే, పాసే అనుకో" అని లోపలికి పోయాడు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని పెద్దలు ఊరికే అనలేదు. గోకుల్ మోకాలి లోతున తొక్కాడు.

ఎందుకంటే, ఆ ఇంట్లో ఒక మేక ఉంది. మనవడు సేలం కోచింగ్‌లో చేరినప్పుడే కెంపమ్మ మామిడి తోపు చివరనున్న మునియప్ప సామికి నల్లమేకను మొక్కింది. వాడు పాసైతే ఇచ్చేస్తానని చెప్పి, మేకపిల్ల చెవికొస కోసి వదిలింది. చెవి కోసిన మేకంటే సామి సొత్తు. దాన్ని కట్టేయకూడదు, కొట్టకూడదు, అమ్మకూడదు. ఆ సంగతి మేకకు ఎవరు చెప్పారో తెలియదు గాని, ఏడాదిలో అది ఊరందరి రాగి చేలూ మేసి దుక్కలా తయారైంది. ఎవరైనా అరిస్తే తలెత్తి చూసి మళ్ళీ మేసేది.

"తై నెల రెండో ఆదివారం మొక్కు తీర్చేస్తాము" అంది కెంపమ్మ. తై అంటే సంక్రాంతితో మొదలయ్యే తమిళ నెల. కృష్ణప్ప మరునాడే కారిమంగలం సంతలో కనబడిన వాళ్ళందరినీ పిలిచేశాడు.

ఫలితం చూసిన రాత్రికే గోకుల్ కోచింగ్ పుస్తకాలన్నీ ఒక ఎరువుల సంచిలో కట్టి అటక మీదికి తోశాడు. తోశాడు గాని, మనసు వాటి మీదే ఉంది. లెక్కల్లో అతను బాగానే చేశాడు. దెబ్బకొట్టింది ఇంగ్లీషు. పన్నెండో క్లాసుదాకా తమిళ మీడియంలో చదివినవాడికి ఆ పొడుగాటి పాఠాలు చదివి అర్థం చేసుకునేలోపే టైమైపోయింది. ఇంకొక్క ఏడాది దొరికితే ఆ లోటు పూడ్చుకోగలనని అతనికి గట్టిగా అనిపించింది. నవంబర్లో మళ్ళీ రాయాలి. అతనికి కావలసింది అదొక్కటే. అయితే పాసైనవాడు మళ్ళీ పరీక్షెందుకు రాస్తాడు? మేక తెగి, ఊరు తిని చేతులు కడుక్కుందంటే ఇక అబద్ధానికి మునియప్ప ముద్ర పడినట్టే. జూన్‌లో ఏ కాలేజీ అని అడుగుతారు. అప్పుడు చెప్పడానికి ఏముంది? ఇప్పుడు చెబుదామా అంటే నాయన సంతలో మీసం దువ్వుకుంటూ తిరుగుతున్నాడు. ఇలా రోజుకొకసారి నోటిదాకా తెచ్చుకుని, రోజూ మింగేశాడు. అన్నం మాత్రం మింగుడు పడలేదు.

ఆదివారం రానే వచ్చింది. తోపులో మామిడి పూతకొచ్చి ఉంది. మూడు రాళ్ళ పొయ్యి మీద మసాలా కాగుతోంది. ముప్పైమంది చుట్టాలు భోజనాల ఆకుల కోసం చూస్తున్నారు. పూజారి మాదప్పన్ కత్తికి కుంకుమ పెట్టి పక్కన నిలబడ్డాడు. అతనికి తెలుగు అర్థమవుతుంది, మాట్లాడేది తమిళమే.

ఆ వైపు పద్ధతి ఒకటుంది. మేక మీద పసుపునీళ్ళు పోస్తారు. అది ఒళ్ళు విదిలిస్తే సామి ఒప్పుకున్నట్టు. విదిలించకపోతే కత్తి ఎత్తరు. నీళ్ళు పోయాల్సింది మొక్కుకున్న మనిషే. కెంపమ్మ చెంబు పట్టుకుని, మేక మెడ వెనక నుంచి తోకదాకా, ఒక్క చుక్క అటూ ఇటూ పోకుండా భక్తిగా పోసింది.

మేక నెమరు వేస్తూ నిలబడింది.

రెండో చెంబు పోసింది. మేక పూజారి మెడలోని బంతిపూల దండ వైపు ఆశగా చూసింది. మూడో చెంబుకు కూడా అంతే.

"దేవుడు వరమిచ్చినా పూజారి ఇయ్యడంటారు. ఈడ మేకే ఇయ్యనంటాది!" అన్నాడు కృష్ణప్ప తమ్ముడు ఈశ్వరప్ప. అందరూ నవ్వారు. పూజారి నవ్వలేదు. ఇంట్లో ఏదో దాపరికం ఉందని, ఎవరి మనసులో ఏముందో సామి ముందర చెప్పేసుకోమని తమిళంలో గట్టిగా అన్నాడు.

గోకుల్ అమ్మ గౌరమ్మ ముందుకొచ్చి చెంపలు వేసుకుంది. "నా మునగచెట్టు మేసేసిందని చీపురు పరకతో రెండు దెబ్బలు కొట్టినాను సామీ." మళ్ళీ నీళ్ళు పోశారు. మేక విదిలించలేదు.

ఈశ్వరప్ప గొంతు సవరించుకున్నాడు. "పోయిన ఆడి నెలలో, ఆషాడంలో, గట్టు రాయి అన్న పొలం పక్కకి జానెడు జరిపినాను."

"జానెడు కాదు, మూరెడు" అన్నాడు కృష్ణప్ప. "నాకి అప్పుడే తెలుసు."

మళ్ళీ నీళ్ళు. మేక విదిలించలేదు. ఇప్పుడు నవ్వులు ఆగిపోయాయి. ముప్పైమందీ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గోకుల్‌ను మాత్రం ఎవరూ చూడలేదు. ఆ రోజు తప్పు చేయని మనిషి అతనొక్కడే అని అందరి లెక్క. తేలు కుట్టిన దొంగలా ఎంతసేపు నిలబడతాడు? కెంపమ్మ ఆరో చెంబు ముంచుతుంటే అతను ముందుకొచ్చి ఆమె చేయి పట్టుకున్నాడు.

"చాలవ్వా. నాకి రాలేదు. అరవైమూడంటే ఆ పరిచ్చలో ఏమీ లేనట్టే. ఏ కాలేజీ పిలవదు. నేను అబద్ధం చెప్పినాను."

కృష్ణప్ప తువాలు తీసి మొహం తుడుచుకున్నాడు.

"సంతలో అందరికీ చెప్పుకున్నాను గదరా" అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే గోకుల్‌కు ఇంకొంచెం తేలికగా ఉండేది.

"తప్పయిపోయింది నాయినా."

పూజారి చెంబు వైపు చేయి చూపించాడు. కెంపమ్మ అడ్డంగా తలూపింది. "ఇంక నీళ్ళెందుకు? పాసైతే ఇస్తానని మొక్కినాను. వాడు పాస్ కాలే. సామికి నేను బాకీ లేను. మేకని ఇంటికి తోలండి."

"అయితే కూర?" అన్నాడు ఈశ్వరప్ప.

"వంకాయలు ఉండాయి."

ఆ మసాలాలోనే వంకాయలు వేసి ఉడికించారు. చుట్టాలు తిన్నారు, గొణిగారు, వెళ్ళిపోయారు. కృష్ణప్ప మాత్రం ఆకు ముందు నుంచి లేవకుండా కొడుకును పిలిచాడు.

"మళ్ళా రాసేదానికి అయితాదా?"

"నవంబర్లో రాయొచ్చు నాయినా."

"రాసి, వచ్చింది వచ్చినట్ల చెప్పు. పాసూ ఫెయిలూ నేను అడగను" అని లేచి చేయి కడుక్కున్నాడు.

మరునాడు గోకుల్ అటకెక్కి సంచి దింపాడు. కెంపమ్మ మేకను అతనికే అప్పజెప్పింది. మొక్కు ఇంకా ఉంది కనుక మేక బతకాలి, ఊరి చేలు కూడా బతకాలి, కాబట్టి నువ్వే కాచుకోమంది. పొద్దున మేక గట్టు మీద మేస్తుంటే అతను ఇంగ్లీషు పేపరు పైకి చదివేవాడు. మొదట్లో ఒక పేజీకి అరగంట పట్టేది. ఏప్రిల్ నడుమ చిత్తిరై నెల వచ్చేసరికి మేక కడుపు నిండేలోపు పేపరంతా అయిపోతోంది. అరవైమూడు అనే అంకె రోజుకు పదిసార్లు గుర్తొచ్చేది, తరవాత ఒకసారి, తరవాత ఎప్పుడో.

ఆ ఎండల్లో ఒక రోజు బోరు మోటారు దగ్గర మేకకు స్నానం చేయించాడు. వీపు మీద పైపు పెట్టి పట్టాడు. మేక కదలకుండా నిలబడింది. మట్టి కొట్టుకున్న తల కడుగుదామని పైపు పైకి జరిపాడో లేదో, చెవిలో నీళ్ళు పడి మేక ఒళ్ళంతా బరబరా విదిలించింది. గోకుల్ చొక్కా తడిసి ముద్దయింది. ఇంకోసారి వీపు మీద పోశాడు. కదల్లేదు. చెవిలో రెండు చుక్కలు వేశాడు. మళ్ళీ విదిలించింది.

తడి చొక్కాతోనే ఇంటికి పోయాడు. కెంపమ్మ వాకిట్లో ఆకూవక్కా నూరుకుంటోంది.

"అవ్వా, ఆ పొద్దు నీళ్ళు యాడ పోసినావు?"

ఆమె తలెత్తలేదు. "వీపు మీద."

"చెవిలో ఎందుకు పొయ్యలే?"

"చెవిలో పోస్తే ఏ మేకైనా విదిలిస్తాది. యాభై ఏండ్లుగా పోస్తుండాను, నాకి తెలీదా?" ఆకు మడిచి నోట్లో పెట్టుకుంది. "పాసైనోడు పుస్తకాలు ఎరువు సంచిలో కడతాడారా? అబద్ధం మీద మేకనిస్తే మునియప్ప ఊరుకుంటాడా? నువ్వు చెప్పేదాకా పోస్తానే ఉండల్లనుకున్నాను. ఆరో చెంబుదాకా పట్టించినావు."

గోకుల్‌కు నవ్వొచ్చింది, కళ్ళల్లో నీళ్ళు కూడా వచ్చాయి. ఆమె పక్కన కూలబడ్డాడు.

"వచ్చే తై నెలకి యాడ పోస్తావవ్వా?"

"నువ్వు పోయి రాయి ముందు" అంది కెంపమ్మ. "యాడ పొయ్యల్లో నేను చూసుకుంటాను."