సక్రు తాగలేదు

కోదాడ నుంచి మిర్యాలగూడ వెళ్లే రోడ్డు మట్టయ్య ఇంటి దగ్గర వంపు తిరుగుతుంది. 1991 డిసెంబరులో ఒక మధ్యాహ్నం, మిర్యాలగూడ మిల్లు నుంచి బియ్యం బస్తాలతో వస్తున్న లారీ ఆ వంపులో రోడ్డు దిగి అతని ఇంట్లోకి దూసుకొచ్చింది. ముందు గోడ, నడిమి గోడ కూలిపోయాయి. పెంకుల కప్పు సగం లారీ మీదే కూలింది. పెరట్లో బట్టలు ఉతుకుతోంది కాబట్టి భార్య సత్తమ్మ బతికింది.

మట్టయ్య అదంతా కళ్లారా చూశాడు. పొలం నుంచి సైకిల్ మీద వస్తూ ఇంటికి నూరు గజాల దూరంలో ఉన్నాడు. కోతలు అయ్యాక ఊరంతా చేసినట్టే వాళ్లూ తారురోడ్డు మీద సగం దాకా వడ్లు ఆరబోశారు. అతని తల్లి బుచ్చమ్మ ఆ వడ్లను కాళ్లతో తిరగేస్తోంది. ఆమెకు చెవులు వినపడవు. లారీ వస్తున్న వైపు వీపు పెట్టి నిలబడింది. అవతలి పక్క నుంచి బస్సు వస్తోంది. లారీ డ్రైవరు హారన్ కొట్టాడు. మళ్లీ కొట్టాడు. ముసలమ్మ తల తిప్పలేదు. అప్పుడు లారీ ఇంటివైపు తిరిగింది.

డ్రైవరుకు పాతికేళ్లుంటాయేమో. ఇంటి దూలం అద్దం పగలగొట్టుకుని అతని ఛాతీకి అడ్డంగా పడింది. ఊళ్లోవాళ్లు దూలం కోస్తుంటే మట్టయ్య చెంబుతో నీళ్లు పట్టాడు. అతను రెండు గుక్కలు తాగాడు.

"ముసలవ్వకు ఏమన్నయిందా అన్నా?"

"ఏం కాలే తమ్మీ. మంచిగనే ఉంది. నువ్వు మాట్లాడకు."

విన్నాడో లేదో తెలియదు. జీపులో కోదాడ దవాఖానకు చేరేలోపే ప్రాణం పోయింది. లైసెన్సు చూస్తే పేరు తెలిసింది. సక్రు. మిర్యాలగూడ దగ్గర ఒక తండా.

పోలీసులు రాకముందే పొరుగింటి బిక్షపతి వచ్చాడు. ఊళ్లో కాగితాల సంగతి, కచేరీల సంగతి తెలిసినవాడు.

"రోడ్డు మీద వడ్లున్నయంటే తప్పు మన మీదికొస్తది. ముందుగాల ఎత్తున్రి" అన్నాడు.

నలుగురు చీపుర్లు పట్టారు. మట్టయ్య గోనెసంచి మూతి తెరిచి పట్టుకున్నాడు. పోలీసులు వచ్చేసరికి రోడ్డు మీద ఒక్క గింజ లేదు.

ఫిర్యాదు కూడా బిక్షపతే రాశాడు. 'మద్యం మత్తులో, అతివేగంగా నడిపి' అని రాసి, కాగితం మట్టయ్య ముందు పెట్టాడు. మట్టయ్య అయిదో తరగతి చదివాడు. ఒక్కో మాటా కూడబలుక్కుని చదువుకున్నాడు.

"తాగిండని మనకేం తెలుసు? నేను నీళ్లు పట్టిన. వాసన రాలే."

"పోయినోడు ఎట్లయినా పోయిండు. నీ ఇల్లు ఎవడు కట్టిస్తడు?"

కూలిన గోడలో నుంచి సత్తమ్మ పగిలిన కుండలు ఏరుతోంది. మట్టయ్య సంతకం చేశాడు.

సూర్యాపేటలో ఒక వకీలును పట్టుకుని లారీ ఓనరు మీద, ఇన్సూరెన్సు కంపెనీ మీద దావా వేశారు. కూలిన ఇంటికి ఫోటోలు తీయించారు. "వడ్ల ఊసు ఎత్తకు. మీ అమ్మ ఊసు అసలే ఎత్తకు" అని వకీలు గట్టిగా చెప్పాడు. పేషీ మీద పేషీ పడుతూనే ఉంది. మిగిలిన ఒక్క అర్రలో ముగ్గురూ సర్దుకున్నారు. కూలిన వైపు తాటాకులు కప్పారు. వానకాలం అవి ఆగలేదు.

బుచ్చమ్మకు ఫిర్యాదులో ఏం రాశారో తెలియదు. ఆమె మాత్రం ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ ఒకటే చెప్పేది. "కాటికి కాళ్లు జాపినదాన్ని. నా కోసం ఆ పిలగాడు పోయిండు." కొడుకు సూర్యాపేటకు బయలుదేరిన ప్రతిసారీ చెప్పులేసుకుని గడప దగ్గర నిలబడేది.

"నన్ను గూడ తోల్కపో. జడ్జితోని నేను చెప్త. ఎంత మంచోడో చెప్పొద్దా?"

మట్టయ్య చెయ్యి అడ్డంగా ఊపి బస్సుకు పోయేవాడు.

మరుసటి ఏడు దసరా ముందు ఒకామె కోదాడ బస్సు దిగి ఇల్లు అడుగుతూ వచ్చింది. చేతిలో ప్లాస్టిక్ సంచి, అందులో కాగితాలు.

"నేను సక్రు పెండ్లాన్ని. కమ్లి" అంది.

సత్తమ్మ పీట వేసింది. ఆమె కూర్చోలేదు. కూలిన గోడ వైపు చాలాసేపు చూసింది.

"ఓనరు పైస గూడ ఇయ్యనంటుండు అన్నా. తాగి నడిపిండు, అందుకే సచ్చిండు అంటుండు. నువ్వే రాసిచ్చినవంట, కాయితం సూపెట్టిండు." ఆమె గొంతులో కోపం లేదు. "నా పెనిమిటి కల్లు గూడ ముట్టడు. నువ్వు సూసినవా, తాగంగ?"

మట్టయ్య ఏదో అనబోయి సత్తమ్మ వైపు చూశాడు. ఆమె నేల చూస్తోంది.

"కోర్టులో ఉంది చెల్లె. ఇప్పుడేం అననీకి లేదు" అన్నాడు చివరకు.

కమ్లి సత్తమ్మ ఇచ్చిన నీళ్లు తాగి వచ్చిన దారినే వెళ్లిపోయింది. మంచంలో పడుకున్న బుచ్చమ్మ, ఎవరు వచ్చారని అడిగింది. వడ్లు కొనడానికి వచ్చారని సత్తమ్మ చెవిలో అరిచి చెప్పింది. అలా చెప్పాక సత్తమ్మ ఆ పూట అన్నం తినలేదు.

ఎండాకాలంలో బుచ్చమ్మ చనిపోయింది. చివరి వారం రోజులూ కోర్టు సంగతే అడిగింది.

మట్టయ్యను బోనెక్కించింది 1994 మార్చిలో. తన వకీలు అడిగినవాటికి నేర్పినట్టే చెప్పాడు. తర్వాత ఇన్సూరెన్సు వకీలు లేచాడు.

"ఆ రోజు మీ ఇంటి ముందు రోడ్డు మీద వడ్లు ఆరబోశారా?"

లేదని చెప్పాలి. మట్టయ్య బోను కర్ర పట్టుకుని నిలబడ్డాడు. వకీలు మళ్లీ అడిగాడు.

"పోసినం సార్."

అతని వకీలు గబుక్కున లేచాడు. జడ్జి కూర్చోమన్నాడు.

"అక్కడ ఎవరైనా ఉన్నారా?"

"మా అమ్మ ఉండె. ఆమెకు వినపడదు. ఆమెను తప్పియ్యబోయి ఆ తమ్ముడు ఇంటికి గుద్దిండు. నేను సూసిన. ఆయన తాగలే సార్. తాగిండని సంతకం పెట్టింది నేనే. అబద్ధం పెట్టిన."

జడ్జి అతని ముఖంలోకి చూసి, అదంతా రాయించాడు.

దావా కొట్టేశారు. వకీలు ఆ రోజు నుంచి పలకరించలేదు. ఊళ్లో బిక్షపతి రోడ్డు అవతలి పక్క నుంచి నడవడం మొదలుపెట్టాడు. సత్తమ్మ ఒక్క మాటే అంది. "అప్పుడే చెప్తే అయిపోతుండె." ముందు గోడ మళ్లీ లేవలేదు. మిగిలిన అర్రకే వాకిలి పెట్టుకున్నారు.

కోర్టులో చెప్పిన మాటల నకలు తీసుకుని మట్టయ్య మిర్యాలగూడ బస్సెక్కాడు. వాకబు చేస్తే, కమ్లి ఒక మిల్లులో ఊక ఎత్తుతూ కనిపించింది. జుట్టంతా ఊకనలుసు. కాగితం చూసింది కానీ చెయ్యి చాపలేదు.

"ఎనుకటేడే ఓనరు మనుషులు ఎంతో కొంత చేతుల పెట్టి ఏలిముద్ర ఏయించుకున్నరు. ఇగ అది ఖతం" అంది. జుట్టు దులుపుకుని, "మా మామకు సదివి ఇనిపియ్యి. రా" అంది.

సక్రు తండ్రి ఫకీరా తండాలో గుడిసె ముందు కూర్చుని ఉన్నాడు. మెడలో తులసిపూసలు. మట్టయ్య పొద్దు వాలే వెలుతురులో కాగితం చదివాడు. కమ్లి ఒక్కో ముక్కా లంబాడీలో చెప్పింది. 'తాగలేదు' అన్నచోట ముసలాయన చెయ్యెత్తి ఆపాడు. మళ్లీ చదవమన్నాడు. చదివాక మనిషిని పంపి ఇరుగుపొరుగువాళ్లను పిలిపించాడు. పదిహేను మంది దాకా చేరారు. మూడోసారి మట్టయ్య కాగితం చూడలేదు. తనంత తానే చెప్పాడు, సంతకం తనదేనని కూడా.

ఎవరూ తిట్టలేదు. ఒకాయన, "నీ ఇంటి పైసలొచ్చినయా?" అని అడిగాడు. రాలేదన్నాడు మట్టయ్య.

ఫకీరా అప్పటిదాకా తెలుగులో ఒక్క మాట మాట్లాడలేదు. ఇప్పుడు మెల్లగా అన్నాడు.

"మా ఇంట్ల ఎవ్వలం తాగం. దేవునికి మొక్కి ఇడిసినం. తాగి సచ్చిండని ఇని, నేను నా కొడుకు శవం దగ్గరికి పోలే. దినాలకు కూసోలే. ఈ పిల్ల కాళ్ల మీద పడ్డది, అయినా పోలే."

కమ్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గుడిసె వెనక్కి వెళ్లింది. ఆడవాళ్లు ఇద్దరు ఆమె వెంట పోయారు.

ముసలాయన కాగితం అడిగి తీసుకున్నాడు. నాలుగు మడతలు పెట్టి బనీను జేబులో పెట్టుకున్నాడు. చీకటి పడకముందే పొమ్మన్నట్టు రోడ్డు వైపు చూపించాడు. మట్టయ్య లేచి అందరికీ దండం పెట్టి, తండా దాటి, బస్సు కోసం రోడ్డు మీదికి వచ్చి నిలబడ్డాడు.