అడ్డబోరు

తెల్లారి తలుపు తీసిన బసవమ్మకు నీళ్ళతొట్టి చుట్టూ తన మందంతా కాళ్ళు చాపుకుని పడి కనిపించింది. చచ్చిన గొర్రెల మూతుల దగ్గర నురగ పసుపుపచ్చగా ఉంది.

రెండు మూడు ఇంకా కొట్టుకుంటున్నాయి. బసవమ్మ అరవలేదు. ముందు తొట్టి మీదకు వంగి వాసన చూసింది. తుప్పుపట్టిన ఇనుమునూ మురిగిన గుడ్డునూ కలిపి ఉడికించినట్టున్న కంపు గొంతులోకి దిగి కూర్చుంది. కొంగు ముక్కుకు అదిమిపట్టి పక్కనున్న బావిలోకి చూసింది. నీళ్ళు చెరుకురసం రంగుకు తిరిగాయి.

"గోపాలా! లెయ్ రా! ఎవర్నీ ఈ నీళ్ళు ముట్టనీకు. నింపిన బిందెలన్నీ బోర్లించమను!"

మరిది గోపాలప్ప పంచె బిగించుకుంటూ ఇంటింటికీ పరుగెత్తాడు.

ఉద్దనపల్లి రోడ్డు పక్కనుండే మందకొట్టాలు అనే పల్లెకు ఆ బావి ఒక్కటే దిక్కు. హోసూరు ఫ్యాక్టరీలు ఇటువైపు పాక్కుంటూ వస్తున్న 2003 వేసవి అది. వానల్లేక చుట్టుపక్కల బావులన్నీ నోళ్ళు తెరిచాయి. ఊళ్ళో సగంమంది గొర్రెలు మేపుతారు, మిగతా సగం రోజాతోటల్లోనో ఫ్యాక్టరీల్లోనో కూలికి పోతారు. ఎవరు ఎటుపోయినా సాయంత్రం తాగేది ఈ నీళ్ళే.

ఎండ ముదిరేసరికి పంచాయతీ ప్రెసిడెంటు శ్రీరంగప్ప సుమోలో దిగాడు. తెల్ల చొక్కా, సెంటు కొట్టిన చేతిరుమాలు. ఈ కొట్టాల కుర్రాళ్ళకు మెరుగుపూత ఫ్యాక్టరీలో పని ఇప్పించింది ఆయనే. సైకిల్ హ్యాండిళ్ళకూ బండి బంపర్లకూ తళతళలాడే పూత వేసే ఫ్యాక్టరీ అది. పోయిన వారమే దాని గేటు ముందు పందిరి వేయించి, 'పరిశ్రమ ఉండాలి, పేదకు పని ఉండాలి, పచ్చదనం ఉండాలి' అని బ్యానరు కట్టించి, వేపమొక్క నాటి ఫొటో తీయించుకున్నాడు. ఆ మొక్కకు మళ్ళీ ఎవరూ నీళ్ళు పోయలేదు.

రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని గొర్రెల మధ్య జాగ్రత్తగా అడుగులు వేస్తూ వచ్చాడు.

"అయ్యయ్యో, ఎంత పని జరిగిపోయె బసవమ్మా! సరే, ఊపిరున్నవాట్ని ఇప్పుడే కోయించు. హైవే హోటలు వాడు నాకు తెలిసినోడే. సచ్చినాంక ఎవురు తీసుకుంటారు?"

బసవమ్మ గొర్రెలకు అడ్డంగా నిలబడింది.

"విషం తాగిన మాంసం జనాలకు పెట్టేదా అన్నా?"

"మసాలా దట్టిస్తే ఏం తెలస్తాదమ్మా!" అని నవ్వి, గోపాలప్ప వైపు తిరిగాడు. నవ్వు చటుక్కున మాయమైంది. "ఏం గోపాలప్పా, రోజాతోటలో పురుగుమందు కొట్టేది నువ్వే కదా?"

"ఔనన్నా."

"నిన్న మందుడబ్బా భుజానేసుకొని వస్తా ఉంటే రోడ్డు మింద చూసినాను. యాడ కడిగినావు దాన్ని?"

"కడగలేదన్నా. మూతి ఇరిగిపోయిండాది. బాగు చేద్దామని ఇంటికి తెచ్చినాను, అంతే."

"ఇంటికి తెచ్చినావు. తొట్టి పక్కనే ఇల్లు. ఇంకేం చెప్పాల?"

చుట్టూ నిలబడినవాళ్ళు ఒక్కొక్కరే గోపాలప్ప నుంచి అడుగు వెనక్కి వేశారు. రోజూ వాడి భుజం మీద చెయ్యేసుకుని తిరిగేవాళ్ళే.

"రేపు పొద్దున ఎస్సైని పిల్చుకొస్తా," అన్నాడు శ్రీరంగప్ప. "ఈ బావి పూడ్పించేస్తాం. నీళ్ళ ట్యాంకరు నేను పంపిస్తా. మీరేం బేజారు పడొద్దండి."

మరిది జైలుకు, బావి మట్టికి. రేపటితో రెండూ చేయి దాటిపోతాయి. బసవమ్మ ముందుకొచ్చింది.

"పూడ్చేముందు తోడాల కదన్నా."

"ఏంది తోడేది?"

"బావికి మైల తగిలితే అడుగంటా తోడి, కడిగి, పసుపునీళ్ళు చల్లాల. పూడ్చాలన్నా సరే, మైలతో గంగమ్మను పూడ్చేది మా కట్టులో లేదు."

"విషం నీళ్ళలోకి దిగుతారా? బుద్ధుందా మీకు? గమ్మునుండండి!"

ఆయన గొంతు అవసరానికి మించి లేచింది. బసవమ్మ అది గమనించింది. కొట్టాల పెద్దవాళ్ళు మాత్రం ఈ విషయంలో ఆమె వెనకే నిలబడ్డారు. గోపాలప్పను అనుమానించగలరు గానీ కట్టుబాటు తప్పలేరు. శ్రీరంగప్ప పళ్ళు కొరుక్కుని సుమో ఎక్కాడు.

డీజిల్ ఇంజను బిగించి నీళ్ళన్నీ దూరంగా తవ్విన గుంటలోకి తోడేశారు. అడుగు కనబడ్డాక, రోజాతోట బూట్లు తొడుక్కుని, చేతులకు ప్లాస్టిక్ సంచులు కట్టుకుని గోపాలప్పే తాడు పట్టుకుని దిగాడు. తన మీద పడ్డ మచ్చను తనే కడుక్కోవాలి మరి.

కాసేపటికి కిందనుంచి కేక వచ్చింది.

"వదినా! నీళ్ళు తోడేసినా ఇంకా కారతా ఉండాది! పడమటి గోడలో బొక్క ఉంది. గుండ్రంగా, నా చెయ్యి పట్టేంత. దాంట్లోనించే పచ్చగా వస్తా ఉంది!"

"బండ పగిలిందేమో చూడు!"

"పగల్లే. మిషను పెట్టి తొలిచింది. అవతల్నించి ఇవతలకి!"

బావి అడుగున నిలబడి గోడలోకి అడ్డంగా వేసే బోరును ఈ ప్రాంతంలో అడ్డబోరు అంటారు. ఊటకు తగిలితే దాని నీళ్ళు బావిలోకి జారుతాయి. కానీ ఈ బావిలో ఎవరూ అడ్డబోరు వేయించలేదు.

బురద ఎత్తుతున్న గోపాలప్ప కాలికి ఇనుము తగిలింది. బుట్టలో పెట్టి పైకి పంపాడు. బసవమ్మ బూడిదతో రుద్దింది. బోరు మిషను కొసన బండను తొలిచే బిట్టు, పిడికిలంత. ముఖాన గుండ్రటి పళ్ళు, వెనక విరిగిన కడ్డీముక్క.

ఆ బిట్టు కథ తెలియనివాళ్ళు కొట్టాల్లో లేరు. వెనకటి కరువులో శ్రీరంగప్ప సేలం నుంచి మిషను తెప్పించి, పడమటి చేనులో ఉన్న తన బావిలో అడ్డబోరు వేయించాడు. 'బిట్టు బండలో ఇరుక్కుని విరిగిపోయె, చుక్క పడకపోయె' అని ఊరంతా తిరిగి ఏడ్చాడు. ఆ ఏడే కొట్టాల బావిలో నీళ్ళు ఉన్నట్టుండి అడుగంటాయి. ఆడవాళ్ళు బిందెలు మోసి మోసి నడుములు పడిపోయాయి. గంగమ్మకు కోపం వచ్చిందని పొట్టేలును కోసి జాతర చేశారు. ఆ జాతరలో శ్రీరంగప్ప ముందు వరసలో కూర్చుని రెండోసారి అడిగి మరీ కూర వేయించుకున్నాడు.

బిట్టు విరిగిన మాట నిజమే. బండలో కాదు, వీళ్ళ బావి గోడ పగలేసి, విరిగి ఇవతల పడింది.

బసవమ్మ ఇక ఆగలేదు. జనాన్ని వెంటేసుకుని పడమటి చేలోకి నడిచింది. బావి చుట్టూ కంపచెట్ల దడి, పైన రేకులు కప్పి రాళ్ళు పెట్టి ఉన్నాయి. దడి పక్కన పెద్ద టైర్ల జాడలు, లావుపాటి రబ్బరు గొట్టం. ఇద్దరు కలిసి రేకు ఎత్తారు. కింద సగం బావి వరకూ పచ్చటి రొచ్చు. దాని మీద కప్పలు తెల్లటి పొట్టలు పైకి పెట్టుకుని తేలుతున్నాయి. బసవమ్మ దడి పట్టుకుని కక్కేసింది. ఇన్నాళ్ళుగా ఎంత తాగామోనని తలుచుకుని మళ్ళీ కక్కింది.

మర్నాడు పొద్దున్నే చప్పుడు చేసుకుంటూ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ట్యాంకరుకు పడమటి చేని బండిదారిలో కంపలు అడ్డం పడి ఉన్నాయి. కంపల వెనక రాత్రి నుంచీ కాపలా కాస్తున్న మందకొట్టాలంతా నిలబడి ఉంది. డ్రైవరు శరవణన్ తనంతట తనే కిందికి దిగి చేతులు జోడించాడు.

"అక్కా, నేను వట్టి డ్రైవర్ని. ఫ్యాక్టరీలో నింపుతారు, ఈడ వదలమంటారు. వారానికి రెండు లోడ్లు. ప్రెసిడెంటే చెప్పినాడక్కా."

"ఈ మాటే ఎస్సై ముందర చెప్పు. ఇట్లా కూర్చో," అంది బసవమ్మ.

ఎస్సైని వెంటబెట్టుకుని సుమో దిగిన శ్రీరంగప్ప ట్యాంకరును చూసి ఒక్క క్షణం తడబడ్డాడు. వెంటనే సర్దుకున్నాడు.

"సార్, మందు కలిపినోడు వాడే, ఆ పొడుగోడు," అన్నాడు గోపాలప్ప వైపు వేలు చూపిస్తూ.

"ఆగన్నా," అంటూ బసవమ్మ బిట్టును ఆయన అరచేతిలో పెట్టింది. "పోయిందని ఊరంతా ఏడ్చినావే. మా బావిలో దొరికింది. తీసుకో."

శ్రీరంగప్ప అది తనది కాదన్నాడు. సేలం మిషనువాడి పేరు దాని వెనక అచ్చుపోసి ఉందని గోపాలప్ప చూపించాడు. పచ్చనీళ్ళ సంగతే తనకు తెలియదన్నాడు శ్రీరంగప్ప. శరవణన్ నోరు విప్పాడు. ఎస్సై రబ్బరు గొట్టం దగ్గరకు వెళ్ళి, రేకు కిందికి ఒక్క చూపు చూసి, ముక్కు మూసుకుని వెనక్కి వచ్చాడు.

"ఏందయ్యా ప్రెసిడెంటూ ఇది?"

శ్రీరంగప్ప సెంటు రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. చుట్టూ చూశాడు. ఆ ముఖంలో సిగ్గేమైనా కనబడుతుందేమోనని బసవమ్మ వెతికింది. చిరాకు తప్ప ఇంకేం లేదు.

"ఔను, నేనే పోయించినాను. ఏమిప్పుడు? రొచ్చు కడిగే ప్లాంటు కట్టమంటే ఫ్యాక్టరీవాడు ఇంకో రాష్ట్రానికి పోతానంటాడు. వాడు పోతే మీ పిల్లోళ్ళకు పని యాడిది? ఏట్లో వదిల్తే ఆఫీసర్లు పట్టుకుంటారు. ఫ్యాక్టరీ నిలబడాల, మీకు కూలి దొరకాల, ఏరు తేటగా ఉండాల. ఈ మూడూ ఒక్క గంపలో యాడ పడతాయో మీరే చెప్పండి! ఎండిపోయిన బావే కదా, ఎవురికి నష్టమని నా బావి ఇచ్చినాను. వాడు నాకేదో ఇచ్చినాడు, లేదనను. గోపాలప్ప మింద నాకేం పగ లేదు, ఎవుడో ఒకడు కావాల, డబ్బా మోసుకుని వాడు కనబడినాడు. ఆ కరువులో మీ నీళ్ళు లాక్కునింది కూడా నేనే. టమాటా చేను ఎండిపోతా ఉంటే చూస్తా కూర్చోమంటారా? నీళ్ళు అయిపోయినాంక ఆ అడ్డబోరు సంగతే మర్చిపోయినాను బసవమ్మా. గ్యాపకం ఉండింటే మొదటి ట్యాంకరు రాకముందే సిమెంటు కొట్టి మూసేసిందును."